ఎంవోయూలు ముప్పై... పని నేర్పేవి ఎన్ని?

ప్రశ్న: మా అమ్మాయిని బీకాంలో చేర్పించాలి. ఒక కాలేజీవాళ్లు ముప్పై కంపెనీలతో ఎంవోయూలు (అవగాహన ఒప్పందాలు) ఉన్నాయని బ్రోచర్‌లో వేశారు. అది చూసి చేర్పించొచ్చా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ఎంవోయూ మీద సంతకానికి కంపెనీకి పైసా ఖర్చవదు. ఒక మనిషిని కేటాయించి పిల్లలకు పని చూపించాలంటేనే ఖర్చు. కాబట్టి పోయినేడాది ఇంటర్న్‌షిప్ చేసినవాళ్ల జాబితా అడగండి. ఏ సంస్థలో, ఎన్ని వారాలు, ఎవరి కింద చేశారు? మార్కులు వేసింది ఆ సంస్థవాళ్లా, లెక్చరరా? నీళ్లు నమిలితే ఆ ముప్పైలో చాలావరకు ఫొటోల కోసమేనని అర్థం.

మీ రాష్ట్రంలో 2020-21లో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు: మొదటి ఏడాది తర్వాత రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, ఆఖర్న ఒక సెమిస్టర్. ఆలోచన మంచిదే. కానీ నాలుగు కుర్చీలున్న ఆడిటర్ ఆఫీసుకి ఒకేసారి నలభై మందిని పంపితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? సర్టిఫికెట్లు ఇచ్చి పంపేస్తాడు. నలుగురైదుగురిని విడతలవారీగా పంపే కాలేజీని వెతకండి.

ప్రశ్న: సెలవుల్లో రెండు నెలలు ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర చేరుతున్నాను. ఏం నేర్చుకుంటే ఉద్యోగానికి పనికొస్తుంది?
– బీకాం విద్యార్థి, నల్గొండ

జవాబు: నెలనెలా రిటర్నులు వేసే ఒక క్లయింటు జీఎస్టీ పనిని నెల పొడవునా మీచేత చేయించమని అడగండి. 11లోగా అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 వేయాలి, 14న సప్లయర్లు చూపిన బిల్లుల జాబితా 2బి వస్తుంది, 20లోగా పన్ను లెక్కతేల్చి కట్టే 3బి వేయాలి. అసలు పని 14కీ 20కీ మధ్యనే. టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లోని కొనుగోళ్ల రిజిస్టర్‌ని ఎక్సెల్‌లోకి తీసి, సప్లయర్ జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు కలిపి వీలుకప్ అనే ఎక్సెల్ ఫార్ములాతో 2బితో పోల్చాలి. సగం బిల్లులు కలవకపోతే కంగారుపడకండి. ఒకచోట ‘045’ అనీ, ఇంకోచోట ‘45’ అనీ ఉంటుంది. సప్లయర్ ఆలస్యంగా దాఖలు చేస్తే ఆ బిల్లు వచ్చే నెల 2బిలో కనబడుతుంది. అందాకా ఆ కొనుగోలు మీద కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోకూడదు (క్రెడిట్ తీసుకోకూడదు). రాష్ట్రంలోపలి అమ్మకానికి సీజీఎస్టీ-ఎస్‌జీఎస్టీ పడాల్సినచోట, వేరే రాష్ట్రానికి అమ్మితే పడే ఐజీఎస్టీ కొట్టిన బిల్లులూ దొరుకుతాయి. తేడాల జాబితా తయారుచేసి, సప్లయర్‌కి మీరే ఫోన్ చేయండి. ఫ్రెషర్లు ఎక్కువగా తడబడేది ఆ ఫోన్ దగ్గరే.

వారానికి రెండు పూటలే వెళ్లే ఇంటర్న్‌షిప్ అయితే ఈ ఆరు రోజులూ తప్పిపోతాయి. రోజూ వెళ్లేలా మాట్లాడుకోండి.

ప్రశ్న: డిగ్రీ అయ్యాక అప్రెంటిస్‌గా తీసుకుంటామంటున్నారు. చేరొచ్చా?
– బీబీఏ పూర్తిచేసిన యువతి, వరంగల్

జవాబు: చేరండి. అయితే మొదటి వారంలోనే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం నాట్స్ పోర్టల్‌లో మీ పేరున కాంట్రాక్టు నమోదైందేమో చూసుకోండి. లేకపోతే ప్రభుత్వ సర్టిఫికెట్ రాదు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చితీరాలని చట్టం చెప్పదు కాబట్టి, పోయిన బ్యాచ్‌లో ఎంతమందిని ఉంచుకున్నారో చేరకముందే అడగండి.