రెండు కార్డులున్నాయి, ముందు ఏది ఇవ్వాలి?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. నాకూ మావారికీ ఆఫీసుల్లో ఇన్సూరెన్స్ ఉంది, ఆరేళ్ల బాబుని రెండిట్లోనూ చేర్చాం. వాడికి ఆస్తమా, నెలనెలా ఇన్‌హేలర్ కొనాలి. పిల్లలకి బర్త్‌డే రూల్ ఉంటుందని ఎవరో చెప్తే, నాది ఆగస్టు, ఆయనది నవంబర్ కదా అని ఎప్పుడూ నా కార్డే ముందు ఇస్తున్నా (ఆయన పుట్టింది కార్తీక పౌర్ణమి మర్నాడు, పాస్‌పోర్టులో మాత్రం జూన్ 10 అని ఉంటుంది, స్కూల్లో మాస్టారు వేసేసిన డేటు). ఇన్నాళ్లూ బానే నడిచింది. పోయిన వారం ఫార్మసీలో బిల్లు రిజెక్ట్ అయింది, ముందు వేరే ఇన్సూరెన్స్‌కి పంపమని వచ్చిందట, లైన్లో వెనకాల జనం, బాబు దగ్గు, చివరికి మొత్తం డబ్బు కట్టి తెచ్చుకున్నాం. మేం చేసిన తప్పేంటి?

జవాబు: అమ్మా, తప్పు ఆ బ్రాకెట్లోనే ఉంది! ఇన్సూరెన్స్ వాళ్లకి కార్తీక పౌర్ణమి తెలీదు, వాళ్ల దగ్గర ఉన్నది జూన్ 10. బర్త్‌డే రూల్ అంటే అమ్మానాన్నల్లో క్యాలెండర్ ప్రకారం ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్ల ప్లానే పిల్లాడికి ప్రైమరీ (అంటే బిల్లు ముందు కట్టేది), నెల, తేదీ మాత్రమే చూస్తారు, ఎవరు పెద్ద అనేది అక్కర్లేదు. కాబట్టి మీ బాబుకి ప్రైమరీ నాన్న కార్డు, మీది సెకండరీ. మనవాళ్లలో ఇలా రెండు పుట్టినరోజులున్న వాళ్లు ఇంటికొకరుంటారు, అందుకే ఇంత విడమర్చి చెప్తున్నా.

మరి ఇన్నాళ్లూ ఎలా నడిచింది అంటారేమో. బాబుకి ఇంకో ప్లాన్ ఉందని మీ కంపెనీ ఇన్సూరెన్స్‌కి తెలిసుండదు, ఇప్పుడు తెలిసింది. వేరే ఇన్సూరెన్స్ ఏమైనా ఉందా అని అప్పుడప్పుడు ఒక ఫారం వస్తుంది, జంక్ మెయిల్ అనుకుని పారేస్తాం, దానికి జవాబివ్వకపోతే క్లెయిములు ఆపేయొచ్చు, పొరపాటున ముందు కట్టిన డబ్బు తర్వాత వెనక్కి అడగనూవచ్చు. ఇవాళే రెండు కంపెనీలకీ ఫోన్ చేసి, కోఆర్డినేషన్ ఆఫ్ బెనిఫిట్స్ (రెండు ప్లాన్లలో ఏది ముందు, ఏది తర్వాత కట్టాలో చెప్పే రికార్డు) అప్‌డేట్ చేయాలని ఆ మాటే వాడి చెప్పండి, ఒక్కచోట చెప్తే రెండోవాళ్లకి దానంతటదే వెళ్తుందని అనుకోవద్దు.

ఫార్మసీలో రెండు కార్డుల ఫోటోలు చూపించి, ఒక్కోదాని మీద ఉన్న బిన్, పీసీఎన్, గ్రూప్, ఐడీ నంబర్లు అన్నీ ఎక్కించమని, ఏది ఫస్టో ఏది సెకండో గట్టిగా చెప్పి రాయించండి. రిసీట్ ఉందిగా, పాత బిల్లు రివర్స్ చేసి మళ్లీ రన్ చేయమని అడగండి, లేటైతే చేయలేం అంటారు కాబట్టి ఈ వారమే వెళ్లండి. వాళ్లు కాదంటే రిసీట్ పెట్టి ఇన్సూరెన్స్‌కే క్లెయిమ్ ఫారం పంపొచ్చు.

రెండో కార్డు ఉంది కాబట్టి ఇన్‌హేలర్ ఫ్రీ అవుతుందని మాత్రం ఆశపడొద్దు. ఉదాహరణకి ధర 300 డాలర్లు, మొదటి ప్లాన్ 240 కట్టింది, మిగిలింది 60. మీ ప్లాన్ ఒక్కటే ఉంటే అది 250 కట్టేది అనుకుందాం. కొన్ని ప్లాన్లు ఆ 60 మొత్తం కట్టేస్తాయి, కొన్ని మాత్రం 250లోంచి 240 తీసేసి ఆ తేడా 10 డాలర్లే ఇస్తాయి. మీది ఏ రకమో అడగండి, రెండో రకమైతే బాబు కోసం ప్రతి జీతంలో రెండో ప్రీమియం కట్టడం దండగ అని నా అభిప్రాయం.

ఇంకోటి, మీరు హెచ్ఎస్ఏలో (వైద్య ఖర్చులకి పన్ను లేకుండా దాచుకునే ఖాతా) డబ్బు వేస్తుంటే, మీ పేరు కూడా మీవారి మామూలు ప్లాన్‌లో (అంటే హెచ్ఎస్ఏకి పనికొచ్చే హై డిడక్టిబుల్ రకం కానిది) ఉందేమో చూసుకోండి. అలా ఉంటే హెచ్ఎస్ఏలో వేయడానికి మీకు అర్హత ఉండదు. బాబు ఉంటే ఇబ్బంది లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి 71, గ్రీన్ కార్డు, మెడికేర్ పార్ట్ డీ (పెద్దవాళ్ల గవర్నమెంట్ ఇన్సూరెన్స్‌లో మందుల ప్లాన్) ఉంది. ఎలిక్విస్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) కోసం ఆ మందు కంపెనీవాళ్ల కోపే కార్డు (మనం కట్టాల్సిన వాటా తగ్గించే కూపన్) డౌన్‌లోడ్ చేసి ఇస్తే ఫార్మసీలో తీసుకోలేదు. ఎందుకు?

జవాబు: మెడికేర్, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చేది) లాంటి గవర్నమెంట్ ప్లాన్‌తో మందు కొనేటప్పుడు మందుల కంపెనీల కూపన్లు కలపడానికి చట్టం ఒప్పుకోదు, ఫార్మసీవాళ్ల మీద కోప్పడి లాభం లేదు. 2026లో పార్ట్ డీ మందులకి నాన్నగారి జేబులోంచి పోయేది ఏడాదికి 2,100 డాలర్లు దాటదు (ప్రీమియం వేరే, ప్లాన్ లిస్టులో లేని మందులు దీన్లోకి రావు). జనవరిలోనే బిల్లు మీదపడుతుందనుకుంటే నెలనెలా విడగొట్టి కట్టే సౌకర్యం 2025 నుంచి ఉంది, ప్లాన్‌కి ఫోన్ చేసి చేరితే చాలు. బయట దొరికే డిస్కౌంట్ కార్డు వాడుకోవచ్చు కానీ అప్పుడు మెడికేర్‌ని పక్కన పెట్టి కొన్నట్టే, ఆ డబ్బు మామూలుగా 2,100 లెక్కలోకి రాదు.