కంప్యూటర్ సిమ్యులేషన్ ఉంటే సైన్స్ ల్యాబ్ అక్కర్లేదా?

ల్యాబ్ కావాల్సిందే, సిమ్యులేషన్ (ప్రయోగాన్ని తెర మీద చూపించే ప్రోగ్రాం) దానికి తోడు మాత్రమే. తెర మీద కనిపించేది ముందే రాసిపెట్టిన సూత్రం ఇచ్చే లెక్క, అందులో చేతి పొరపాటుకు చోటుండదు. విశాఖలో ఏ బడిలోనైనా మీటరు దారానికి గుండు కట్టి ఊపితే ఒక డోలనానికి, అంటే అటు వెళ్లి మళ్లీ మొదటి చోటికి రావడానికి, సుమారు 2 సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో వేలు కాస్త ఆలస్యమవుతుంది కాబట్టే 20 డోలనాలు లెక్కపెట్టి, పట్టిన సమయాన్ని 20తో భాగిస్తాం. కొలత అంటే ఏమిటో పిల్లలకు తెలిసేది సరిగ్గా అక్కడే! అదే లోలకం (దారానికి కట్టిన ఆ గుండు) చంద్రుడి మీద దాదాపు 5 సెకన్లు తీసుకుంటుందని క్లాసులో చూపించాలంటే మాత్రం కంప్యూటరే దిక్కు.

ఇలాంటి సిమ్యులేషన్లు వాడటానికి టీచర్ ట్రైనింగ్ అంటే ప్రొజెక్టర్ ఆన్ చేయడం, స్లయిడ్లు తయారుచేయడం అని చాలామంది అనుకుంటారు. అసలు నేర్పాల్సింది వేరే: సిమ్యులేషన్ బటన్ నొక్కే ముందు "ఏమవుతుందో చెప్పండి" అని పిల్లల్ని అడగడం, వాళ్లు ఆలోచించేదాకా ఆగడం.