చిక్కటి ఉప్పు నీళ్ళు సీ అర్చిన్ గుడ్ల మీద ఎక్స్‌రే ప్రభావాన్ని పెంచుతాయా?

ఉప్పు ఎక్కువ కలిపిన సముద్రపు నీళ్ళలో ఉంచి ఎక్స్‌రే ఇచ్చిన సీ అర్చిన్ (ముళ్ళ బంతిలా ఉండే సముద్ర జీవి) గుడ్లు మామూలు నీళ్ళలో వాటికంటే ఆలస్యంగా విభజన చెందాయని, అంటే ఉప్పు రేడియేషన్ ప్రభావాన్ని పెంచినట్టేనా అని అడిగారు. అప్పుడే రాసెయ్యకండి. నేనలా రాసేసి తిట్లు తిన్నాను.

పీహెచ్‌డీ రోజుల్లో ఒక వేసవి అమెరికాలో ఆర్బేసియా అనే రకం సీ అర్చిన్ గుడ్లతో పనిచేశాను. వీర్యం కలిపాక దాదాపు గంటలో గుడ్డు రెండుగా చీలుతుంది. ఎక్స్‌రే ఇస్తే అది వెనకబడుతుంది. ఉప్పు, ఎక్స్‌రే రెండూ పడిన గిన్నెలో ఇంకా వెనకబడింది. సంబరంగా గ్రాఫ్ పట్టుకెళ్తే మా గైడ్ ఒకటే అడిగారు: "ఎక్స్‌రే లేకుండా ఉప్పు మాత్రమే ఉన్న గిన్నె ఏదీ?" పెట్టనేలేదు! మళ్ళీ చేస్తే ఆ అదనపు ఆలస్యంలో చాలా భాగం ఉప్పుదేనని తేలింది. చిక్కటి నీళ్ళలో గుడ్డు నీరు కోల్పోయి కుంచించుకుపోతుంది, విభజన నెమ్మదిస్తుంది. అసలు ఉప్పు ఎంత పని చేయగలదంటే, 1899లో వుడ్స్ హోల్‌లో జాక్ లోబ్ అనే జీవశాస్త్రవేత్త మెగ్నీషియం క్లోరైడ్ అనే ఉప్పు కలిపిన సముద్రపు నీళ్ళలో కొంతసేపు ఉంచి తీసి, వీర్యమే లేకుండా గుడ్లను లార్వాల దాకా పెంచాడు.

ఇంకో చిక్కు టైముతో. ఎక్స్‌రే తర్వాత వీర్యం కలపకుండా ఆగేకొద్దీ గుడ్డు కోలుకుంటుంది, ఆలస్యం తగ్గుతుంది. 1930ల్లో హెన్షా అనే పరిశోధకుడు దీన్ని ఆర్బేసియాలోనే చూపించాడు. ఉప్పులోంచి తీసి కడగడానికి మీకు ఇరవై నిమిషాలు పట్టి, పోల్చడానికి పెట్టిన కంట్రోల్ గిన్నెకు వెంటనే వీర్యం కలిపితే రెంటినీ పోల్చలేరు. నాకైతే దీనితోనే టెన్షన్ ఎక్కువ.

క్షీరదాల కణాలకు రేడియేషన్ తర్వాత 0.5 మోలార్ (ద్రావణం ఎంత చిక్కనో చెప్పే కొలత) సోడియం క్లోరైడ్, అంటే మామూలు ఉప్పు, ఇస్తే డీఎన్‌ఏ మరమ్మతు దెబ్బతిని ఎక్కువ కణాలు చస్తాయన్నది నిజమే. కానీ ఆ అంకె ఇక్కడికి తేకండి. సముద్రపు నీళ్ళలో సోడియమే దాదాపు 0.47 మోలార్ ఉంటుంది. మన కణాలకు గండమైనది ఈ గుడ్డుకు పుట్టిల్లు.

అందుకని ఉప్పు ఒక్కటే, ఎక్స్‌రే ఒక్కటే, రెండూ, రెండూ లేనిది, నాలుగు గిన్నెలూ ఒకే ఆడ అర్చిన్ గుడ్లతో పెట్టండి. వీలైతే ఉప్పుకు బదులు అంతే ఆస్మాటిక్ ఒత్తిడి (గుడ్డులోంచి నీటిని లాగే బలం) వచ్చేలా చక్కెర కలిపిన గిన్నె కూడా. నీరు లాగడం వల్లా, ఉప్పులోని అయాన్ల (విద్యుదావేశం ఉన్న కణాల) వల్లా అన్నది తేలుతుంది. గిన్నెలకు మూతలు మర్చిపోవద్దు, ఏసీ గాలికి కంట్రోల్ నీళ్ళు కూడా చిక్కబడిపోతాయి.