సవర ఊళ్లకు వెళ్తున్న దీవెనకు

అమ్మా దీవెనా,

ఉద్యోగం మానేసి సీతంపేట పైనున్న సవర గిరిజనుల ఊళ్లలో, వాళ్ల సవర భాషలోకి బైబిల్ అనువాదం చేసే పనికి వెళ్తున్నావట, మొన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ ఏడ్చింది కూడా. మన ఇంటి పిల్ల ఇంత పనికి పూనుకుందని నాకు గర్వంగానే ఉంది, కానీ ఆ కొండల్లో పంతులుగా బతికినవాణ్ణి కదా, టెన్షన్ కూడా అంతే ఉంది. అందుకే రాస్తున్నాను.

మామూలు సంగతులు నీకు శిక్షణలో చెప్పే ఉంటారు. భాష ఊళ్లోనే నేర్చుకో. తెలుగు బైబిల్ పక్కన పెట్టుకుని మాటకు మాట దించకు. రాసేది సవరవాళ్లే అయ్యుండాలి, నువ్వు సాయం మాత్రమే. ప్రతి అధ్యాయం చదువురాని ముసలమ్మలకు వినిపించి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పించుకో. తల ఊపారని సంబరపడకు, పంతులమ్మ చిన్నబుచ్చుకుంటుందని కూడా ఊపుతారు.

ఇక నా భయమల్లా లిపి గురించి. లిపిదేముంది పెదనాన్నా అంటావు. ఒకసారి సంతలో చూశాను. ఒరిస్సా వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన సంచిలోంచి సవర పాటల పుస్తకం తీశాడు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. మన వైపు తెలుగు మీడియంలో చదివిన మేనకోడలి చేతికిస్తే ఆ పిల్ల అటు తిప్పి ఇటు తిప్పి తిరిగిచ్చేసింది. ఆయన చదివి వినిపిస్తే మాత్రం ఒక్క ముక్క పోకుండా అర్థమైంది, నవ్వుతూ తనూ పాడింది. ఒకే రక్తం, ఒకే మాట, ఒకరి పుస్తకం ఒకరు చదవలేరు.

ఇది ఎవరో కావాలని చేసింది కాదు. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని తెలుగు లిపిలో వాచకాలు రాశారు, బడులు పెట్టారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. అటు కొండల్లో బాప్టిస్టు మిషనరీలు రోమన్ అక్షరాలు పట్టుకున్నారు. 1936లో మంగెయి గొమాంగో అనే సవర పెద్ద సొరాంగ్ సొంపెంగ్ అని సొంత లిపే తయారుచేశాడు, 24 అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో దేవత. బడిలోనేమో అక్కడ ఒడియా, ఇక్కడ తెలుగు. ఎవరి కారణాలు వాళ్లవి. కానీ చివరికి జరిగిందేమిటి? చేతిలో పుస్తకం చూసి మనిషి ఏ దేవుడి వైపో చెప్పేసేలా అయింది. రోమన్ అయితే చర్చివాడు, సొంపెంగ్ అయితే ఆ అక్షరాలనే అక్షరబ్రహ్మ అనే దేవుడిగా కొలిచేవాడు. భాష అందరిదీ, అక్షరం మాత్రం ఒక గుంపుది. ఇదీ పాత తప్పు, దీవెనా. ఇంకో ముక్క కోసి నువ్వు దాన్ని పెంచకు. లిపి నిర్ణయించే రోజున చర్చి పెద్దలతో పాటు చర్చికి రానివాళ్లనూ, బడి పంతుళ్లనూ, ఒరిస్సా వైపు చుట్టాలనూ కూర్చోబెట్టు. కుదిరితే ఆడియో ముందు చెయ్యి, చెవికి లిపి గొడవ లేదు.

ఇంకో మాట, కోప్పడుతున్నాననుకోకు. సువార్త కంటే ముందు వాళ్ల కథలు, విత్తనాల పాటలు, మందు చెట్ల పేర్లు ఒక చిన్న పుస్తకంగా వెయ్యండి. మీరు సవరలో అచ్చువేసే మొదటి పుస్తకం మన మతానిదైతే, చర్చికి రానివాడికి తన భాషే పరాయిదవుతుంది. నేను విశ్వాసినే, ఈ మాట విశ్వాసంతోనే అంటున్నాను.

పాత ఆచారంలో సవరలకు చనిపోయినవాళ్లు ఒక్కసారిగా దూరమైపోరు. పూజారి నోట పలుకుతారు, ఇంటివాళ్లు చుట్టూ కూర్చుని వాళ్లతో మాట్లాడతారు, తగువు పడతారు, ఏడుస్తారు. చర్చిలో చేరినవాళ్లు అది మానేస్తారు. అక్షరం వచ్చాక షావుకారిని లెక్క అడిగే ధైర్యం వచ్చింది, సొంత భాషలో ప్రార్థన చేసుకుని తలెత్తుకున్నారు, ఆ మేలు నేను కళ్లారా చూశాను. కానీ కొడుకు ప్రార్థనకు వెళ్తే, మొగుడి మాట కోసం తల్లి ఒక్కతే పూజారి ముందు కూర్చున్న ఇల్లూ నాకు తెలుసు. అలాంటి తల్లి దగ్గర నోరు జారకు. అది దయ్యాల పని అని నీ పక్కనున్నవాళ్లు అంటే, ఆపు. ఆమె మాట్లాడే సవరే నీకు కావలసిన మంచి సవర, ఆమె కాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకో.

ఆరోగ్యం సంగతి. రామమూర్తి పంతులుగారు ఆ అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోయింది. ఇప్పుడు మందులు మారాయి గానీ దోమలు మారలేదు. దోమతెర లేకుండా పడుకున్నావని తెలిస్తే నేనే వచ్చి ఇంటికి లాక్కొస్తాను. జ్వరం వస్తే పారాసిటమాల్ మింగి ఊరుకోకు, ఆరోజే రక్తపరీక్ష చేయించుకో.

బయల్దేరే ముందు ఒకసారి ఇంటికి రా. పెద్దమ్మ నీకోసం కంది పొడి కొట్టి ఉంచింది. నా దగ్గర పాత సవర మాటల నోటుబుక్కులు ఉన్నాయి, కొన్ని పేజీలు చెదలు తిన్నాయి, మిగిలినవి పట్టుకెళ్లు. మీ అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు ఆమెతో వాదించకు.

మీ పెదనాన్న