సైకిల్ సంగతి తర్వాత, ముందు ఆ ఛాతీ పట్టేయడం సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 54. హనుమకొండలో ఉంటాం. ఆఫీసులో రోజంతా కూర్చుని చేసే పని. బరువు 88 కిలోలు, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. తొమ్మిదేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా బీపీ ఉన్నాయి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటున్నాను. మోకాళ్ల నొప్పుల వల్ల వాకింగ్ మానేశాను. నొప్పి ఎక్కువైన రోజు మెడికల్ షాపులో నొప్పి మాత్ర తెచ్చుకుంటాను. ఇంట్లోనే తొక్కుకునే ఎక్సర్‌సైజ్ సైకిల్ కొందామనుకుంటున్నాను. మా అబ్బాయి స్పిన్ బైక్ తీసుకోమంటున్నాడు, ఆన్‌లైన్‌లో ఆఫర్ ఆదివారం వరకే ఉంది. స్పిన్ బైక్ మంచిదా, మామూలు సైకిల్ మంచిదా? మ్యాగ్నెటిక్ రెసిస్టెన్స్ తప్పనిసరా? రోజుకు ఎంతసేపు తొక్కితే పొట్ట తగ్గుతుంది? మూడు వారాలుగా గ్యాస్ ఎక్కువై, మెట్లు ఎక్కితే ఛాతీలో పట్టేసినట్టు ఉంటోంది. రెండు నిమిషాలు నిలబడితే పోతోంది. పాంటాప్రజోల్ వేసుకుంటున్నాను. ఈ సైకిల్ మా ఆవిడ కూడా తొక్కొచ్చా? — ఒక పాఠకుడు

జవాబు: సైకిల్ గురించి చాలా వివరంగా అడిగారు. ఛాతీ గురించి మాత్రం మధ్యలో ఒక ముక్క రాసి వదిలేశారు. ఓపీ మధ్యలో మీ ఉత్తరం చదువుతూ నేను ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. కాబట్టి ముందు దాని గురించే రాస్తాను.

మెట్లు ఎక్కితే పట్టేస్తోంది, నిలబడితే రెండు నిమిషాల్లో పోతోంది అన్నారు. గ్యాస్‌కు మెట్లతో పని లేదు. అది తిన్న తర్వాతో, పడుకున్నప్పుడో, మసాలా ఎక్కువైన రోజో ఇబ్బంది పెడుతుంది. శ్రమ పడితే వచ్చి, ఆగితే పోయే పట్టు అంటే మేం మొదట అనుమానించేది గుండెనే. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం సన్నబడిందనుకోండి, కూర్చున్నప్పుడు ఆ కాస్త రక్తం సరిపోతుంది. మెట్లు ఎక్కేటప్పుడు గుండె గట్టిగా కొట్టుకోవాలి, అప్పుడు చాలదు, పట్టేస్తుంది. మీరు నిలబడగానే గుండెకు పని తగ్గి నొప్పి సర్దుకుంటుంది. పాంటాప్రజోల్‌తో తగ్గుతోందని మీకు అనిపిస్తుండొచ్చు. ఆ మాత్ర రెండు నిమిషాల్లో పనిచేసేది కాదు. తగ్గించింది మాత్ర కాదు, మీరు ఆగి నిలబడటం.

పైగా మీకు తొమ్మిదేళ్ల షుగర్. ఎక్కువ కాలం షుగర్ ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారి, గుండె నొప్పి నొప్పిలా తెలియకపోవచ్చు. ఒట్టి ఆయాసం, నీరసం, చెమట, దవడ లాగడం, పొట్ట పై భాగంలో ఉబ్బరం, ఇలా వస్తుంది. తేనుపు వస్తే హాయిగా ఉందని కూడా చెబుతారు. అందుకే ఇంతమంది దీన్ని గ్యాస్ ఖాతాలో వేస్తారు.

నేను మిమ్మల్ని చూడలేదు, చెయ్యి పట్టి నాడి చూడలేదు. చూడకుండా ఇది గుండె జబ్బే అని చెప్పలేను. కాదని మాత్రం అస్సలు చెప్పను. మూడు వారాల కిందట కొత్తగా మొదలైంది కాబట్టి ఇది ఆదివారం ఆఫర్ దాకా కూడా ఆగే విషయం కాదు. రేపే ఫిజీషియన్ దగ్గరికో, కార్డియాలజిస్ట్ దగ్గరికో వెళ్లండి. ఈసీజీ తీస్తారు, అవసరమైతే రక్త పరీక్షలు, ఎకో (గుండె స్కాన్) చేస్తారు. ఒక మాట గుర్తుంచుకోండి: పడుకోబెట్టి తీసిన ఈసీజీ నార్మల్‌గా వచ్చినంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు. నొప్పి లేని సమయంలో తీసిన ఈసీజీ చాలామందిలో నార్మల్‌గానే ఉంటుంది. రిపోర్టు చేతికి రాగానే ఇంటికి వచ్చేయకుండా మెట్ల సంగతి డాక్టర్‌కు నోటితో చెప్పండి. టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే పరీక్ష, హెల్త్ ప్యాకేజీలో ఉంది కదా అని మీరే ల్యాబ్‌కు వెళ్లి చేయించుకోవద్దు. మీలాంటి లక్షణాలు ఉన్నవాళ్లకు అది ఎప్పుడు చేయాలో, అసలు చేయొచ్చో లేదో డాక్టర్ చూసి నిర్ణయించాలి.

అప్పటిదాకా పరుగున మెట్లు ఎక్కడం, బరువులు మోయడం వద్దు. షాపుకు వెళ్లి సైకిల్ ఎక్కి తొక్కి చూడటం కూడా వద్దు. కూర్చుని ఉండగానే పట్టేసినా, పది నిమిషాలకు తగ్గకపోయినా, చెమటలు పట్టినా, చెయ్యీ దవడా లాగినా వెంటనే 108కు ఫోన్ చేయండి. మీ బండి మీరే నడుపుకుంటూ ఆస్పత్రికి బయలుదేరొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కిందటి ఎండాకాలంలో రిటైరైన టీచర్ ఒకాయన మా దగ్గరికి వచ్చారు. ఆయన భార్య ఒక క్యారీబ్యాగ్ తెచ్చి నా టేబుల్ మీద బోర్లించింది. గ్యాస్ మాత్రలు, తెల్లటి సిరప్ సీసా, నొప్పి మాత్రల ముక్కలు. స్ట్రిప్పు నుంచి రెండేసి, మూడేసి కత్తిరించి ఇచ్చినవి. మందు పేరు ఒక ముక్క మీద సగం, ఇంకో ముక్క మీద అదీ లేదు. ఇరవై రోజులుగా అవే మింగారు. ఆ రాత్రి ఒంటిగంటకు నొప్పి మొదలైతే సోడా తాగి, అటూ ఇటూ తిరిగి, 'తెల్లారాక చూద్దాంలే, పిల్లల నిద్ర ఎందుకు చెడగొట్టడం' అనుకున్నారు. మా దగ్గరికి వచ్చేసరికి ఉదయం ఎనిమిదిన్నర. మూసుకుపోయిన నాళాన్ని తెరిచారు, ప్రాణం దక్కింది. కానీ ఆ ఏడున్నర గంటల్లో చచ్చిపోయిన గుండె కండరం తిరిగి రాలేదు. ఇప్పుడాయన వీధి చివరి దాకా నడిస్తే ఆయాసపడుతున్నారు. మూడు వారాల ముందు వచ్చి ఉంటే బహుశా మాత్రలతోనో, ఒక స్టెంట్‌తోనో పోయేది. ఆ క్యారీబ్యాగ్ నాకు ఇంకా కళ్లలో మెదులుతూ ఉంటుంది. మీ ఇంట్లోనూ అలాంటిదొకటి ఉందని మీ ఉత్తరం చదువుతుంటే అనిపించింది.

ఆ నొప్పి మాత్రల మీద నాకు ఇంకో బెంగ ఉంది. 'నొప్పి మాత్ర' అన్నారు తప్ప పేరు రాయలేదు. చాలామంది పేషెంట్లలాగే మీకూ పేరు తెలియదేమో. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివైతే అవి బీపీని పెంచుతాయి, ఒంట్లో నీరు నిలిచేలా చేస్తాయి, గుండె పోటు ముప్పును కూడా పెంచుతాయి. మీరు వేసుకుంటున్న బీపీ మాత్రలో టెల్మిసార్టాన్, దానికి తోడు నీరు తీసే మందు ఉన్నాయి. ఈ రెండింటి మీద నొప్పి మాత్ర కూడా పడితే కిడ్నీకి రక్తం అందడం తగ్గిపోతుంది. ఎండాకాలంలో, విరేచనాలు పట్టుకున్నప్పుడు, నీళ్లు తక్కువ తాగిన రోజు ఇది మరీ ప్రమాదం. షుగర్ ఉన్న కిడ్నీ అసలే సున్నితం. కౌంటర్ వెనకాల ఉన్న అబ్బాయికి మీ బీపీ మాత్రలో ఏముందో తెలియదు, అడగడు కూడా. కొన్నిచోట్ల నొప్పి త్వరగా పోతుందని స్టెరాయిడ్ మాత్ర కూడా కలిపి ఇస్తుంటారు. నొప్పి చేత్తో తీసేసినట్టు పోతుంది, షుగర్ మాత్రం అమాంతం ఎగబాకుతుంది.

కాబట్టి ఆ మాత్రలు ఈరోజు నుంచే ఆపండి. బీపీ, షుగర్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, ఇక్కడ చదివారని మార్చొద్దు. మోకాలికి ఏ మందు, ఎంత మోతాదులో వాడాలో మీ డాక్టర్‌ను అడగండి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, ముక్కలతో సహా, తీసుకెళ్లండి. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, మూడు నెలల సగటు షుగర్ తెలిపే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ చూడమనండి. ఈ ఏడాది చేయించకపోయి ఉంటే కంటి రెటీనా పరీక్ష కూడా. రెటీనాలో రక్తస్రావం ఉన్నవాళ్లు ముక్కుతూ, ఊపిరి బిగబట్టి చేసే వ్యాయామాలు చేయకూడదు.

ఇప్పుడు సైకిల్. గుండె డాక్టర్ 'తొక్కొచ్చు' అన్నాకే ఇక్కడి నుంచి రాసింది మీకు వర్తిస్తుంది.

మీ ఆలోచన మంచిదే, అందులో సందేహం లేదు. మోకాలి అరుగుదల ఉన్నవాళ్లకు సైకిల్ నడక కంటే సుఖం. ఒంటి బరువు చాలావరకు సీటు మోస్తుంది, కీలుకు దెబ్బ తగలకుండా తొడ కండరం పనిచేస్తుంది. తొడ ముందు కండరం బలపడితే మోకాలి నొప్పి నిజంగానే తగ్గుతుంది. నొప్పి ఉందని నడక మానేయడం, మానేస్తే కండరం సన్నబడటం, దాంతో నొప్పి ఇంకా పెరగడం మేం రోజూ చూస్తాం. మీరు అక్కడే ఉన్నారు.

కానీ మీకు స్పిన్ బైక్ వద్దు. అబ్బాయికి బాగుంటుంది, మీకు బాగుండదు. అది ముందుకు వంగి తొక్కేది, చక్రం బరువైనది. చాలా మోడళ్లలో మీరు ఆపినా చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్ కాలిని లాగుతూనే ఉంటుంది, అరిగిన మోకాలికి ఆ లాగుడు మంచిది కాదు. అలవాటు లేనివాళ్లు మొదటి రోజే ఉత్సాహంగా అరగంట, ముప్పావుగంట గట్టిగా తొక్కితే తొడ కండరాలు దెబ్బతిని ఆ వ్యర్థాలు కిడ్నీ మీద పడ్డ కేసులు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి. అరుదే, కానీ ఉన్నాయి. తొడలు వాచి, మూత్రం కోలా రంగులో వస్తే అది మామూలు ఒళ్లు నొప్పి కాదు, ఆస్పత్రికి వెళ్లాల్సిందే. చేతులు కూడా ముందుకూ వెనక్కీ ఆడించే ఎయిర్ బైక్ కూడా మొదట్లో వద్దు. కాళ్లూ చేతులూ కలిసి పనిచేస్తే గుండె మీద భారం పెరుగుతుంది.

నిటారుగా కూర్చునే మామూలు సైకిల్ చాలు. నడుము నొప్పి కూడా ఉంటే, లేదా ఎక్కి దిగడం కష్టమైతే, వీపుకు ఆనిక ఉండే రికంబెంట్ రకం మంచిది, కాకపోతే ధర, స్థలం రెండూ ఎక్కువ. మ్యాగ్నెటిక్ రెసిస్టెన్స్, అంటే అయస్కాంతంతో చక్రానికి బిగువు పెట్టే పద్ధతి, తప్పనిసరి కాదు, ఉంటే మంచిది. చప్పుడు తక్కువ, బిగువును కొంచెం కొంచెంగా పెంచుకోవచ్చు. మీ బరువు 88 కాబట్టి కనీసం 110, 120 కిలోలు మోయగలదని రాసి ఉన్నది చూడండి. స్క్రీన్ మీద చూపించే క్యాలరీల లెక్కను నమ్మొద్దు, అది ఉజ్జాయింపే.

అన్నిటికంటే ముఖ్యం సీటు ఎత్తు. సీటు మీద కూర్చుని, పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉంటుంది. సీటు కిందికి ఉంటే మోకాలు ఎక్కువ వంగి, చిప్ప వెనకాల ఒత్తిడి పెరుగుతుంది. 'సైకిల్ కొన్నాక నొప్పి ఎక్కువైంది డాక్టర్' అని వచ్చేవాళ్లలో చాలామందికి నేను సీటు రెండు అంగుళాలు పైకి జరపమని చెప్పి పంపించాను.

ఆఫర్ మళ్లీ వస్తుంది, కంగారు పడొద్దు. తెలిసినవాళ్ల ఇంట్లోనో, దగ్గర్లోని జిమ్‌లోనో ఒక నెల తొక్కి, మోకాలు ఒప్పుకుంటే అప్పుడు కొనండి. ఈలోపు ఆ డబ్బు పరీక్షలకు పనికొస్తుంది.

మొదటి వారం బిగువు లేకుండా ఐదు నుంచి పది నిమిషాలు చాలు, రోజు విడిచి రోజు. తర్వాత వారానికి కొన్ని నిమిషాలు పెంచుకుంటూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాలకు చేరండి. మొదట ఐదు నిమిషాలు, చివర ఐదు నిమిషాలు మెల్లగా. తొక్కుతూ మాట్లాడగలగాలి, మాట తెగిపోతుంటే వేగం తగ్గించండి. గుండె గరిష్ఠ వేగం కోసం 220 లోంచి వయసు తీసేసే నాడి లెక్క పట్టుకోవద్దు. కార్డియాలజిస్ట్ గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు మొదలుపెడితే నాడి ఎలాగూ అంతగా పెరగదు, ఆ లెక్క తప్పుతుంది. మధ్యలో ఛాతీ పట్టినా, కళ్లు తిరిగినా ఆపేయండి. 'ఇంకో రెండు నిమిషాలు' అనొద్దు.

పొట్ట అంటారా, సైకిల్ ఒక్కదానితో తగ్గదు. రాత్రి అన్నం ఎంత, ఎన్నింటికి అన్నది కూడా చూడాలి.

గ్లిమెపిరైడ్ వాడుతున్నారు కాబట్టి పొద్దున్నే ఖాళీ కడుపుతో తొక్కొద్దు. ముందు గ్లూకోమీటర్‌తో చూసుకోండి, 100 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండో, రెండు బిస్కెట్లో తిని మొదలుపెట్టండి. చేతికందే చోట గ్లూకోజ్ పొడి ఉంచుకోండి. వణుకు, చెమట, ఆకలి దంచేస్తే షుగర్ పడిపోతోందని అర్థం. చెప్పుల్లేకుండా తొక్కొద్దు, బూట్లు వేసుకోండి, దిగాక అరికాళ్లు చూసుకోండి. పాదాలు తిమ్మిరిగా ఉండే షుగర్ పేషెంట్లకు పెడల్ రాసుకుని పుండు పడినా తెలియదు.

మీ ఆవిడ గురించి వయసు కూడా రాయలేదు. ఆవిడకు షుగర్, బీపీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ ఒకసారి చూపించారా? ఆడవాళ్లలో గుండె నొప్పి ఆయాసంగానో, వీపు నొప్పిగానో వస్తుంటుంది, ఇంట్లో పనెక్కువై అలసట అనుకుంటారు. మీతో పాటు రేపు ఆవిడనూ తీసుకెళ్లండి. అన్నీ బాగుంటే నిక్షేపంగా తొక్కొచ్చు. సీటు మాత్రం ఆవిడ ఎత్తుకు మళ్లీ మార్చుకోవాలి. చీర కుచ్చిళ్లూ చున్నీ పెడల్‌లో పడకుండా చూసుకోవాలి. ఇంట్లో చిన్న పిల్లలు ఉంటే తొక్కేటప్పుడు దగ్గరికి రానివ్వొద్దు, వాడనప్పుడు బిగువు పూర్తిగా పెట్టి ఉంచండి. తిరిగే చక్రంలో వేలు పెట్టిన పిల్లలకు నేను కుట్లు వేశాను.