పాముల కోసం బయలుదేరుతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మెసేజ్ రెండుసార్లు చదివాను. జులైలో ఒక శనివారం మీరు అయిదుగురు హైదరాబాద్ నుంచి రైల్లో రాజమండ్రి దిగుతారు. అక్కడ కారు మాట్లాడుకుని రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరుతారు. రెండు రాత్రులు పాములను వెతుకుతారు. ఏమేం తీసుకెళ్లాలో చెప్పమని అడిగావు. నీ మెసేజ్ వచ్చిన గంటకే మీ అమ్మ ఫోను చేసి, "వాడిని ఎలాగైనా ఆపు అన్నయ్యా" అంది. ఆపనని చెప్పాను. ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం పాఠాలు చెప్పి, వానాకాలపు రాత్రుల్లో సగం చెరువు గట్ల మీదే గడిపిన వాడిని నేను. ఏ మొహం పెట్టుకుని నిన్ను ఆపగలను?

అయితే ఏమేం తీసుకెళ్లాలన్నది తరువాతి మాట. ఎవరిని తీసుకెళ్లకూడదన్నది ముందు తేలాలి.

1986లో జరిగిన సంగతి చెబుతాను. మీ అమ్మకు ఇప్పటికీ తెలియదు, నువ్వూ చెప్పకు. కడియం దగ్గర ఒక మొక్కల తోటకు నలుగురు స్నేహితులం వెళ్లాం. పొద్దున తొమ్మిదింటికి పేర్చిన కుండీలను జరుపుతుంటే అడుగున ఒక పాము కనిపించింది. నల్లటి ఒళ్లు, తెల్లటి అడ్డ చారలు, తల దాచుకుని ఉండచుట్టుకుని ఉంది. తోడేలు పాము, విషం లేదు అని నేనే తీర్పు చెప్పాను. ఎమ్మెస్సీ పూర్తయిన మొదటి ఏడాది కదా, నోరు ఊరుకోదు. మా వాడొకడు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "ఫోటో తియ్యరా" అన్నాడు. తీశాను. తరువాత దాన్ని కుండీల కిందికి వదిలేసి టిఫిను తినడానికి వెళ్లాం.

వారం తరువాత స్టూడియో నుంచి ప్రింట్లు వచ్చాయి. దీపం కింద పెట్టి చూశాను. చారలు మెడ దగ్గర మాసిపోయినట్టు ఉండి, తోక వైపు వెళ్లేకొద్దీ తేటపడ్డాయి. సన్నగా, రెండేసి చొప్పున దగ్గరదగ్గరగా ఉన్నాయి. తోడేలు పాముకు దీనికి తలకిందులుగా ఉంటుంది. చారలు మెడ దగ్గరే కొట్టొచ్చినట్టు మొదలై తోక వైపు పోతూ చెరిగిపోతాయి. మా వాడి అరచేతుల్లో ఉన్నది కట్లపాము. పగటి పూట మగతగా పడి ఉండే దాని స్వభావమే వాడిని కాపాడింది. నా చదువు కాపాడలేదు. వాడు ఇప్పుడు ఇద్దరు మనవలను ఎత్తుకుని తిరుగుతున్నాడు. ఆ ఫోటో నా బీరువాలోనే ఉంది.

అందుకే అడుగుతున్నాను. మీ అయిదుగురిలో "పట్టుకుని ఒక్క ఫోటో" అన్నవాడు ఎవడు? నీ మెసేజ్‌లోనే ఆ మాట ఉంది, పేరు మాత్రం నువ్వు రాయలేదు. వాడిని ఈసారికి మానిపించు. మంచివాడే కావచ్చు, పరీక్షల ముందు నీకు నోట్సు ఇచ్చినవాడే కావచ్చు. సముద్రానికి తీసుకెళ్లు, సినిమాకు తీసుకెళ్లు, దీనికి వద్దు. నడకలో ఎదురైన పాము తనంతట తాను మన మీదికి రాదు. మనలో ఒకడు రెండడుగులు ముందుకు వేస్తాడు, వాడిని చూసి ఇంకొకడు మూడో అడుగు వేస్తాడు. నేను చూసినంతలో ఆ మూడో అడుగు దగ్గరే ఆపదలన్నీ మొదలయ్యాయి.

చట్టం సంగతి కూడా వాళ్ల చెవిన వెయ్యి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ సవరణ అమల్లోకి వచ్చింది. నాగుపాము, రాచనాగు, రక్తపింజర, కొండచిలువ మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని పట్టుకుంటే మూడు నుంచి ఏడేళ్ల జైలు. సరదాకు పట్టుకున్నాం, మళ్లీ వదిలేశాం అంటే ఊరుకోరు. మారేడుమిల్లి చుట్టూ ఉన్నది అడవి, దగ్గరలోనే పాపికొండల జాతీయ ఉద్యానవనం. రాత్రి వేళ అనుమతి లేకుండా లోపల అడుగు పెట్టకూడదు. వెళ్లిన రోజే అటవీ శాఖ కార్యాలయంలో కనిపించి, ఎక్కడి వరకు తిరగవచ్చో అడగండి. ఆ ఊళ్ల కొండరెడ్డి మనిషిని ఒకరిని వెంట రమ్మని బతిమాలండి, కూలి ముందే మాట్లాడుకుని సరిగా ఇవ్వండి. ఆయన "ఇక చాలు బాబూ, వెనక్కి పోదాం" అంటే ఎందుకని అడగకుండా వెనక్కి తిరగండి. నలుగురిలో ఏ ఒక్కరు వద్దన్నా అందరూ ఆగాలి. ఈ ఒప్పందం రైలెక్కక ముందే కుదరాలి, అడవిలో కాదు.

ఇక సామాను. తలకు కట్టుకునే దీపం మనిషికొకటి, చేతి టార్చి ఇంకొకటి, విడి బ్యాటరీలు. వానల్లో రైతులు వేసుకునే మోకాలి ఎత్తు రబ్బరు బూట్లు రాజమండ్రిలో ఎరువుల దుకాణాల దగ్గర దొరుకుతాయి, ఖరీదైన ట్రెక్కింగ్ బూట్ల కంటే అవే మేలు. మందపాటి ప్యాంటు. పొడవాటి కర్ర ఒకటి, ఆకులు కదిపి దారి చూసుకోవడానికి మాత్రమే. కొక్కెం కర్రలు, పటకార్లు ఇంటర్నెట్‌లో అమ్ముతారు, కొనవద్దు. చేతిలో కొక్కెం ఉంటే దాన్ని వాడాలనిపిస్తుంది. దోమతెర తప్పనిసరి. ఏజెన్సీలో మలేరియా ఉంది కాబట్టి ఎలాగూ కావాలి, దానితో పాటు కట్లపాముకూ అదే మందు. అది రాత్రి పూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. మంచం మీద పడుకుని తెరను పరుపు కిందికి బాగా దోపుకోండి.

మారేడుమిల్లి వెళ్లి బొంగులో చికెన్ తినకుండా రమ్మని ఎవరూ చెప్పలేరు, తినండి. జీలుగు కల్లు మాత్రం నడక అయ్యాక, అదీ మరునాడు రాత్రి నడక లేకపోతేనే.

నడక విషయం కొంచెం వివరంగా రాస్తాను, నాకు ఇష్టమైన భాగం ఇదే. చీకటి పడ్డాక ఏడున్నర నుంచి పది వరకు చాలు. సాయంత్రం వాన కురిసి వెలిసిన రాత్రి అయితే అదృష్టం. ముందు ఒకరు, వెనక ఒకరు, వరసగా నడవండి. గంటకు కిలోమీటరు నడిస్తే వేగం ఎక్కువైనట్టే. దుంగ అడ్డం వస్తే దాటేయకూడదు, దాని మీద నిలబడి అవతలి వైపు చూసి దిగాలి. రాళ్ల సందుల్లో, చెట్ల తొర్రల్లో చెయ్యి పెట్టకూడదు. కప్పలు గోల చేస్తున్న నీటి గుంట దగ్గర పది నిమిషాలు కదలకుండా నిలబడండి. కప్పలున్న చోటికి నీరుకట్టె వస్తుంది, అప్పుడప్పుడు నాగుపామూ వస్తుంది.

దీపం కంటి ఎత్తులో పెట్టి గడ్డి మీదికి వేస్తే వందల కొద్దీ మంచు చుక్కలు మెరిసినట్టు ఉంటుంది. మొదటి రాత్రి మీరందరూ ఎగిరి గంతేస్తారు. అవి సాలీళ్ల కళ్లు. పాము కళ్లు అలా మెరవవు, అందుకే పామును మెరుపును బట్టి కాక ఆకారాన్ని బట్టి వెతకాలి. నేల మీదే చూస్తూ నడిస్తే సగం పాములు తప్పిపోతాయి. పొదల చివరలు చూడండి. పసిరిక పాము పగలంతా వేటాడి రాత్రి సన్నటి కొమ్మల కొసన నిద్రపోతుంది. టార్చి వెలుగులో ఆకుల పచ్చదనం మధ్య దాని పచ్చ కాస్త పాలిపోయి కనిపిస్తుంది. రెండు మూడు వంకీలుగా వేలాడదీసిన రిబ్బనులా ఉంటుంది, మూతి బాణం ములుకులా ఉంటుంది, దానికి కనురెప్పలు ఉండవు కాబట్టి నిద్రలోనూ కన్ను తెరిచే ఉంటుంది. చూడండి, దీపం పక్కకు తిప్పేయండి, కొమ్మను కదపకుండా తప్పుకోండి. అయితే వెదురు పొదల్లో ఇంకో ఆకుపచ్చ పాము ఉంటుంది. తల వెడల్పుగా ముక్కోణంలా, మెడ సన్నగా. అది పింజర జాతి, విషం ఉంది. మన దేశంలో దొరికే విరుగుడు మందు దానికి పని చేయదు. పచ్చగా ఉన్నదల్లా పసిరిక కాదని మీవాళ్లకు ముందే చెప్పి ఉంచు.

రాచనాగు కనిపించే యోగం ఉంటే, ఏజెన్సీలో దాన్ని గిరినాగు అంటారు, మాట్లాడకుండా వెనక్కి అడుగులు వేయండి. ఆకులు, వెదురు మండలు పోగేసినట్టున్న కుప్ప కనిపించినా అంతే. గూడు కట్టి గుడ్లు పెట్టే పాము అదొక్కటే.

ఏ పాముకైనా కనీసం దాని పొడవంత దూరం, దాని మీద ఇంకో రెండు బారలు వదలండి. రక్తపింజర ఎదురయ్యే అవకాశం అడవిలో కంటే వచ్చే దారిలో పొలాల దగ్గరే ఎక్కువ, అది కంటికి కనిపించే ముందే చెవికి వినిపిస్తుంది. కుక్కరు విజిల్ ముందు వచ్చే ఆవిరి చప్పుడులా బుస కొడుతుంది. లావుగా, బద్ధకంగా పడి ఉంటుంది కదా అని మోసపోకూడదు, ఆ లావు శరీరమే రెప్పపాటులో లేస్తుంది.

దాని పేరు తలచుకుంటే నాకు ఎప్పుడూ ఇంకొకటి గుర్తొస్తుంది. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉండి మన తీరంలోని పాములను సేకరించాడు. ప్రపంచమంతా ఇప్పుడు రక్తపింజరను ఆయన పేరుతోనే పిలుస్తోంది. 1796లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన మాత్రం దానికి తన పేరు పెట్టుకోలేదు, తెలుగువాళ్లు చెప్పిన పేరు రాసుకున్నాడు: కాటుక రేకుల పొడ. ఈసారి ఫోటోలో దాని ఒంటి మీది మచ్చలను పరిశీలనగా చూడు. గోధుమ రంగు రేకు, చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి అంచు. ఆ పేరు పెట్టినవాడెవడో దాన్ని నింపాదిగా, దూరంగా నిలబడి చూశాడన్నమాట. కట్లపాముల ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన బుంగారస్ అనే పేరు కూడా మన బంగారమే. పసుపు పట్టీల కట్లపామును ఇక్కడివాళ్లు బంగారు పాము అన్నారు, రస్సెల్ రాసుకున్నాడు, ఆ మాట లాటిన్ వేషం వేసుకుంది. నా విద్యార్థుల్లో ఎవరికీ ఇది తెలిసేది కాదు, పరీక్షలో రాదు కదా.

కాటు సంగతి రాయకుండా ముగించలేను. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు సుమారు 12 లక్షల మంది పాము కాటుతో పోయారని అంచనా. ఎక్కువ మంది పొలాల్లో, పల్లెల్లో. వాళ్లకు వేరే దారి లేదు, మీరు కోరి వెళ్తున్నారు. కాబట్టి శుక్రవారమే రంపచోడవరం ఆసుపత్రికి ఫోను చేసి, పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్లు ఉన్నాయా, కనీసం పది సీసాలైనా ఉన్నాయా అని అడగండి. చికిత్స మొదలుపెట్టడానికే దాదాపు అన్ని కావాలి. కట్లపాము కాటు అయితే ఊపిరి యంత్రం కూడా అవసరం కావచ్చు, అది ఏ ఆసుపత్రిలో ఉందో కూడా కనుక్కోండి. కారు డ్రైవరు రాత్రి మీతోనే ఉండాలి, తాగకుండా ఉండాలి. 108 ఉంది, కానీ ఆ లోయల్లో ఫోను సిగ్నలు ఉండాలి కదా.

ఎవరినైనా కరిస్తే ఉంగరాలు, వాచీ, కాళ్ల పట్టీలు ఉంటే తీసేయండి. కరిచిన చెయ్యినో కాలునో విరిగిన ఎముకకు కట్టినట్టు బద్ద వేసి కదలకుండా ఉంచండి. నడిపించకండి, మోయండి. గడియారం చూసి సమయం రాసుకోండి. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, ఆకు పసరు ఏదీ వద్దు. పామును చంపి తీసుకెళ్లనవసరం లేదు, తెగిన తల కూడా కొంతసేపు కరవగలదు. డాక్టరు గాజు గొట్టంలో రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డ కట్టిందా లేదా చూస్తాడు. కనురెప్పలు వాలుతున్నాయేమో చూస్తాడు. వైద్యం మొదలుపెట్టడానికి పాము శవం కంటే అవే ఎక్కువ పనికొస్తాయి.

ఇంకో చిన్న మాట. ఫోటోలు పెట్టుకోండి, ఎక్కడ తీశారో మాత్రం రాయకండి. ముఖ్యంగా రెండు తలల పాము దొరికితే అసలే వద్దు. పాపం దానికి ఉన్నది ఒకటే తల, మొండి తోక. లంకెబిందెలు చూపిస్తుందని, లక్షలు పలుకుతుందని నమ్మి పట్టుకుపోయేవాళ్లు మీ ఫోటో చూసే తోవ పడతారు.

రెండు రాత్రులూ ఒక్క పామూ కనిపించకపోవచ్చు. మొదటిసారి నాకు అలాగే జరిగింది, మూడు రాత్రులు తిరిగి జలగలతో ఇంటికి వచ్చాను. అప్పుడు మీలో ఎవడు చిరాకు పడతాడో గమనించు, వచ్చేసారి జట్టు ఎంచుకోవడానికి పనికొస్తుంది.

నా పాత టార్చి కొరియర్‌లో పంపాను, గురువారానికి అందుతుంది. స్విచ్చి ఒకసారి నొక్కితే వెలగదు, రెండోసారి కాస్త గట్టిగా నొక్కాలి. తిరిగి వచ్చాక మీ అమ్మకు ఇవ్వకు, దాచేస్తుంది. నాకే పంపు.

ఆశీస్సులతో,
మామయ్య