మధ్యవర్తిగా వెళ్తానంటున్న మేనకోడలికి

అమ్మలూ,

ఐక్యరాజ్యసమితి వాలంటీరుగా గొడవలున్న చోటికి శాంతి పనికి వెళ్ళాలని నువ్వు రాసి పంపిన దరఖాస్తు రెండుసార్లు చదివాను. ఎందుకు వెళ్ళాలనుకుంటున్నావన్న ప్రశ్న కింద "ప్రపంచ శాంతికి నా వంతు సేవ చేయాలని" అని రాశావు. ఆ వాక్యం సంగతి తర్వాత చెబుతాను. ముందు ఫోన్లో "వెళ్ళనా, వద్దా?" అని అడిగినదానికి జవాబు: వెళ్ళు. మీ నాన్నకి టెన్షన్‌గా ఉందని తెలుసు. వాడితో నేను మాట్లాడతాను.

డబ్బు విషయం ఒక్క మాటలో తేల్చేస్తాను. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం 1970 నుంచి ఉంది, కేంద్ర కార్యాలయం జర్మనీలోని బాన్‌లో. వాళ్ళిచ్చేది జీతం కాదు, అక్కడ ఉండటానికీ తినడానికీ సరిపడే భత్యం. ఎంపికలో ఏ దశలోనూ దరఖాస్తుదారు దగ్గర ఒక్క రూపాయి తీసుకోరు. మా వీధిలో ఒక అబ్బాయి "ప్రాసెసింగ్ ఫీజు" అని ఎవరికో అరవై వేలు కట్టి ఇప్పటికీ ఎదురుచూస్తున్నాడు. బరంపురంలో నీ దగ్గరికీ అలాంటివాళ్ళు వస్తారు. డబ్బు మాట ఎత్తగానే లేచి వచ్చెయ్.

వెళ్ళాక మొదటి ఏడాది నిన్ను ఎవరూ మధ్యవర్తి అనరు. మీటింగుకి కుర్చీలు వేయిస్తావు, నోట్స్ రాస్తావు, ఒక పుకారు నిజమో కాదో కనుక్కోవడానికి రెండు ఊళ్ళు తిరుగుతావు, భయపడుతున్న మనిషికి తోడుగా పోలీసు స్టేషన్ దాకా నడుస్తావు. అది చిన్న పని అనుకోకు. నేను 2003లో ఉద్యోగం వదిలేసి శ్రీలంక తూర్పు తీరానికి వెళ్ళినప్పుడు ఎనిమిది నెలలు ఆ పనే చేశాను. వాళ్ళు నన్ను చూసి చూసి అలవాటుపడ్డాకే ఒకరోజు "మీరూ వచ్చి కూర్చోండి" అన్నారు. వాళ్ళు అనేదాకా కూర్చోకూడదు.

మన నాటకాల్లో శ్రీకృష్ణ రాయబారం చూసి పెరిగినవాళ్ళం కదా, శాంతి మాటలు అనగానే మనకి కృష్ణుడే గుర్తొస్తాడు. కానీ ఆయన రాయబారి. పాండవుల తరఫున వెళ్ళాడు, అప్పటికే అర్జునుడికి సారథ్యం ఒప్పుకున్నాడు, దుర్యోధనుడి ఇంట్లో భోజనం వద్దని విదురుడి ఇంట్లో తిన్నాడు. రాయబారికి అది చెల్లుతుంది. మధ్యవర్తి రెండు ఇళ్ళలోనూ తినాలి. ఎవరింట్లో ముందు టీ తాగావో, ఎవరి ఆటో ఎక్కావో అక్కడ ఊరంతా లెక్కపెడుతుంది. నేను వెళ్ళిన కొత్తలో రోజూ ఒకే ఆటోలో తిరిగాను, అబ్బాయి మంచివాడని. అతను ఏ ఊరివాడో ఆలోచించలేదు. రెండో ఊరివాళ్ళు నాకు మర్యాదగానే మంచినీళ్ళిచ్చేవాళ్ళు, మాటలు మాత్రం ఇచ్చేవాళ్ళు కాదు. కారణం తెలిశాక నడవడం మొదలుపెట్టాను.

ఇంకో తప్పు చెబుతాను, ఇది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. 2002 ఫిబ్రవరిలో శ్రీలంక ప్రభుత్వానికీ, దానితో యుద్ధం చేస్తున్న తమిళ పులుల సంస్థ ఎల్‌టీటీఈకీ మధ్య నార్వే కాల్పుల విరమణ కుదిర్చింది. పెద్దవాళ్ళ మధ్య తుపాకులు ఆగాయి కానీ ఊళ్ళ మధ్య భయం ఆగలేదు. నేనున్న చోట ఒకటి తమిళ హిందువుల ఊరు, పక్కనే ముస్లింల ఊరు. ఇద్దరి భాషా తమిళమే. మధ్యలో సంత. ఒక హత్య జరిగాక సంత మూతపడింది. చేపలు ఒక ఊళ్ళో కుళ్ళిపోతున్నాయి, కూరగాయలు ఇంకో ఊళ్ళో ఎండిపోతున్నాయి. ఒక పెద్దాయన నాతో, "మాలో కొందరు కుర్రవాళ్ళు తొందరపడ్డారు, అది మాకూ తెలుసు" అన్నాడు. ఎంత మంచి మాట, ఇది అవతలివాళ్ళు వింటే మనసు మెత్తబడుతుంది కదా అని ఆయన్ని అడగకుండా వెళ్ళి చెప్పేశాను. మర్నాటికల్లా అది "తప్పు ఒప్పుకున్నారట" అయి రెండు ఊళ్ళూ తిరిగింది. ఆయన ఇంటి బయట సొంతవాళ్ళే నిలబడి అరిచారు. ఆయన మూడు నెలలు నా మొహం చూడలేదు.

అప్పటి నుంచి ఎవరితో మాట్లాడినా లేచేముందు ఒక ప్రశ్న అడిగేదాన్ని: "ఇందులో ఏ మాటలు అటు తీసుకెళ్ళమంటారు? ఏవి నా దగ్గరే ఉంచమంటారు?" నువ్వు ఇదొక్కటి నేర్చుకుని వెళ్ళినా సంతోషిస్తాను. వాట్సాప్‌లో ఒక్క ఫోటో కూడా పెట్టకు. ఎవరు ఎవరితో కూర్చున్నారన్నది అక్కడ ప్రాణం మీదికి రావచ్చు.

ఆ సంత మళ్ళీ తెరుచుకుంది. మగవాళ్ళు నాలుగు నెలలు ఎవరు ముందు క్షమాపణ చెప్పాలన్న దగ్గరే ఉండిపోయారు. అసలు సంతలో అమ్మేది ఆడవాళ్ళు, వాళ్ళని ఆ మాటలకి ఎవరూ పిలవలేదు. నాకూ తోచలేదు, ఆడదాన్నయి ఉండీ. ఒక కూరగాయలావిడ, "తెల్లారి ఆరు నుంచి ఎనిమిది వరకు మేం వస్తాం, వాళ్ళ ఆడవాళ్ళు కూడా వస్తే చాలు" అంది. అవతల అడిగాను, సరే అన్నారు. క్షమాపణ ఊసే లేకుండా రెండు గంటల సంత మొదలైంది. ఆడవాళ్ళని శాంతి చర్చల్లో కూర్చోబెట్టాలని భద్రతా మండలి 2000లోనే 1325 నంబరు తీర్మానం చేసింది. నేను ఆ కాగితం చదివే వెళ్ళాను, అయినా అది నాకు అర్థమైంది ఆ సంతలోనే. ఏ గదిలోకి వెళ్ళినా ముందు ఎవరు లేరో చూడు.

మన కొరాపుట్ జిల్లా కొఠియా ఊళ్ళ సంగతీ అంతే కదా. ఆంధ్ర, ఒడిశా మధ్య 21 ఊళ్ళ వ్యవహారం 1968లో సుప్రీంకోర్టుకెక్కింది, ఇప్పటికీ తెగలేదు. రాజధానుల్లో హద్దు గురించి మాట్లాడతారు. రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ దాచుకున్న ఇంటావిణ్ణి అడిగితే రోడ్డు గురించి, బడి గురించి చెబుతుంది. తగువులో పైకి అనే మాట వేరు, లోపల కావలసింది వేరు.

నీకు అన్నిటికంటే కష్టమయ్యేది తీర్పు చెప్పకుండా ఉండటం. మన వైపు పెద్దమనిషంటే ఇద్దరి మాటా విని, నీది తప్పు, ఇంత జరిమానా కట్టు అనేవాడు. నేనూ అలాగే చేశాను. మా వీధిలో ఒక ఒడియా కుటుంబానికీ మనవాళ్ళకీ కాలువ గోడ గురించి గొడవైతే, ఒక్క సాయంత్రంలో కొలత వేయించి తేల్చేశాను. ఇద్దరూ తలూపారు. ఆర్నెల్లలో గోడ మళ్ళీ కూలింది. ఆ తీర్పు నాది, వాళ్ళది కాదు. శ్రీలంకలో మధ్యవర్తిత్వ మండళ్ళు చూశాక నాకు తెలిసొచ్చింది. 1988 చట్టంతో వచ్చినవి అవి, అందులో కూర్చునేవాళ్ళు జీతంలేని వాలంటీర్లే. తగువుపడ్డవాళ్ళు చెరొకర్ని ఎంచుకుంటారు, ఆ ఇద్దరూ కలిసి మూడో మనిషిని ఎంచుకుంటారు. నేను చూసిన మండలిలో మూడో ఆయన చేసిందల్లా విన్న మాటని తిరిగి చెప్పి, "మీరన్నది ఇదేనా?" అని అడగడం. నాలుగోసారికి వాళ్ళే దారి చెప్పుకున్నారు.

మన దేశంలోనూ 2023 మధ్యవర్తిత్వ చట్టంలో ఇరుగుపొరుగు తగాదాలకి ముగ్గురితో సాముదాయిక మధ్యవర్తిత్వం పెట్టారు. వెళ్ళేలోపు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా, అంటే చట్టం విషయాల్లో జనానికి సాయపడే మనిషిగా చేరు. కోర్టు మధ్యవర్తులకి ఇచ్చే 40 గంటల శిక్షణ దొరికితే వదలకు.

గాంధీ గారి కథ ఒకటి నాకెప్పుడూ ధైర్యమిస్తుంది. దక్షిణాఫ్రికాలో దాదా అబ్దుల్లాకీ ఆయన బంధువు తయ్యబ్ సేఠ్‌కీ దావా. గాంధీ ఇద్దర్నీ ఒప్పించి కోర్టు బయటే ఒక పెద్దమనిషి తీర్పుకి వదిలేలా చేశారు, అందులో అబ్దుల్లా గెలిచాడు. తయ్యబ్ కట్టాల్సింది 37,000 పౌండ్లు, పైన ఖర్చులు. ఒక్కసారిగా కట్టమంటే తయ్యబ్ దివాలా తీస్తాడు. అప్పుడు గాంధీ గెలిచినవాడి దగ్గరికి వెళ్ళి వాయిదాలకి ఒప్పించారు. ఒప్పందం కుదరగానే మన పని అయిపోదు. ఓడినవాడు రేపు బజార్లోకి తలెత్తుకుని రాగలడా లేదా అని కూడా చూడాలి.

భాష గురించి వేరే చెప్పాలా, గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన పర్లాకిమిడి వాళ్ళం. సవర గిరిజనులతో మాట్లాడాలని ఆయన వాళ్ళ సవర భాష నేర్చుకున్నారు. నువ్వు వెళ్ళే చోట భాష వెళ్ళకముందే మొదలుపెట్టు. దుబాసీ అవసరం ఎలాగూ ఉంటుంది, కానీ మొదటిరోజే అతనికి చెప్పు: తిట్టినా తిట్టినట్టే చెప్పమని. నా దుబాసీ మంచితనం కొద్దీ మాటలు మెత్తచేసి చెప్పేవాడు. అందరూ శాంతంగా ఉన్నారనుకుంటూ నేను కూర్చుంటే ఒకాయన లేచి బల్ల తన్ని వెళ్ళిపోయాడు.

రాజీ చేయకూడనివీ ఉంటాయి. ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషిని కొట్టినవాడి ఎదురుగా కూర్చోబెట్టి సర్దుకుపొమ్మనకు. జాతి నిర్మూలన, యుద్ధ నేరాల వంటివాటికి క్షమాభిక్ష రాసిన ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి మధ్యవర్తులు కూడా సమర్థించకూడదు. అలాంటిది నీ చెవినపడితే ఒక్కదానివే మోయకు, పైవాళ్ళకి చెప్పు.

నేను 2005లో వచ్చేశాను. మరుసటి ఏడాదికే అక్కడ మళ్ళీ యుద్ధం మొదలైంది, 2008 జనవరిలో కాల్పుల విరమణ కాగితం మీద కూడా రద్దయింది. ఆ సంత ఏమైందో కనుక్కోవడానికి చాలాకాలం భయపడ్డాను. చివరికి ఒక ఉత్తరం వచ్చింది. ఆ కూరగాయలావిడా, చేపలావిడా వేర్వేరు శిబిరాల్లో ఉండి కూడా ఒకరి పిల్లల గురించి ఒకరు కబురు పెట్టుకున్నారట. ఆ ఉత్తరం నా పెట్టెలోనే ఉంది.

ఇక నీ దరఖాస్తు. ఆ మొదటి వాక్యం కొట్టెయ్. పోయిన ఏడాది మీ అపార్ట్‌మెంట్లో నీళ్ళ మోటారు గురించి రెండు కుటుంబాలు మాట్లాడుకోకపోతే నువ్వు నాలుగు సాయంత్రాలు అటూ ఇటూ తిరిగావు చూడు, ఎవరు ఏమన్నారు, నువ్వెక్కడ తడబడ్డావు, చివరికి ఎవరు దారి చెప్పారు, అది రాయి. ఆదివారం వస్తే ఇద్దరం కలిసి చదువుదాం.

నీ మేనత్త
పర్లాకిమిడి